నేల గట్టిపడే లోపల

ఒకటో రోజు

షెడ్డు చిట్టాలో బండ్ల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. ఏ బండికి ఏ బేరింగు మార్చాం, ఏ బ్యాటరీకి చార్జింగు ఎక్కడానికి ఎంతసేపు పట్టింది, అంతే. ఇరవై ఏళ్ళుగా అలాగే రాశాను. నా తరువాత ఈ చిట్టా తిరగేసే మెకానిక్కు ఈ నలభై రోజుల పేజీలు చూసి చౌడేశ్వరికి మతి పోయిందనుకుంటే అనుకోనీ.

ఈరోజు గాలిబండ్లు వచ్చి వాలే ఎర్రమల పేట బండ్లమిద్దెకు కొత్త నేల పోయడం పూర్తయింది. ఏడంతస్తులకూ ఒకేసారి పోశారు. పాత నేల పగుళ్ళు పట్టి, వాన పడితే పై అంతస్తు నీళ్ళు కింది అంతస్తులో ఆగిన గాలిబండ్ల మీద కారేవి. ఇది పాకం నేల. నలభై రోజులు మెత్తగా ఉంటుంది. మెత్తగా అంటే కాలు దిగబడదు, బండి వాలితే కుంగదు. మేస్త్రి తలుచుకుంటే మాత్రం కదులుతుంది. మేస్త్రి మనిషి కాదు, మిద్దెను నడిపే యంత్రం. పగలంతా నేల మీద పడే అడుగుల్నీ చక్రాల్నీ లెక్కపెట్టుకుంటుంది. మిద్దె మూశాక గీతలు జరుపుతుంది, గట్లు లేపుతుంది, దించుతుంది. నలభయ్యో రోజు తెల్లవారేసరికి నేల ఎలా ఉంటే అలాగే గట్టిపడిపోతుంది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు సుత్తి తీసుకుని బాదినా పెళ్ళ రాలదు.

నా షెడ్డు మూడో అంతస్తులో ఉంది. నా బండి ఆగే చోటుకూ షెడ్డుకూ మధ్య బెత్తెడు ఎత్తు గట్టు. నడిచేవాళ్ళకు అది ఉన్నట్టే తెలియదు. నేను పదకొండేళ్ళ కింద ఐదో అంతస్తు పనికి కట్టిన సారువ కొయ్యల మీదినుంచి పడ్డాను, అప్పటినుంచి చక్రాల కుర్చీలో ఉన్నాను. ఎగిరే కుర్చీలున్నాయి కదమ్మా అని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు. ఉన్నాయి. వాటి గాలి తగిలితే వాలుతున్న బండ్లు తూలుతాయని మిద్దె మీద ఎగరనివ్వరు. కాబట్టి నాకు చక్రాలే గతి.

నాలుగో రోజు

ఉదయం మూడు ఫ్యాన్లు విప్పి తుడిచాను. ఒకదాంట్లో పిచ్చుక గూడు. పిల్లలు ఎగిరిపోయాక తీస్తానని చెప్పి ఆ బండిని పక్కన పెట్టించాను. దాని యజమాని రుసరుసలాడాడు.

ఈ ఊరి గొప్పంతా చేయి వేయడంలో ఉంది. పెద్ద కరువు వచ్చిన ఏడాది కింది ఊళ్ళన్నీ ఖాళీ అయినప్పుడు మా ముత్తవ్వలు నడుచుకుంటూ ఈ కొండల మీదికి వచ్చారు. దారిలో ఒక్కరిని కూడా వదిలిపెట్టలేదట. అందుకని ఇక్కడ ఎవరు ఎక్కడ ఆగిపోయినా పక్కనున్నవాళ్ళు చేయి వేస్తారు. అడగక ముందే వేస్తారు. బళ్ళో అక్షరాల కంటే ముందు నేర్పేది ఇదే. వేసిన చేతిని వద్దనడం బూతు తిట్టడం కంటే పెద్ద తప్పు.

నేను గట్టు దగ్గరికి చేరేలోపే నలుగురు మూగుతారు. అందరికంటే ముందు గేటు దగ్గర పనిచేసే మద్దిలేటి వస్తాడు. యాభై ఏడేళ్ళ మనిషి. ఒకరు వెనక పిడి, ఒకరు చక్రం, ఒకరు నా మోకాలు పట్టుకుంటారు. నాలుగో మనిషికి పట్టుకోవడానికి ఏమీ దొరక్క నా జాకెట్టు చేయి పట్టుకుంటాడు. లేపి అవతల దించుతారు. బ్రేకు రెండుసార్లు విరిగింది. ఒడిలో ఉన్న పానాలు ఎన్నిసార్లు కింద పడ్డాయో లెక్కలేదు. ఆ కాసేపూ నేను మనిషినన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. దించాక అందరూ నా ముఖం చూస్తారు. చల్లగుండండి అనాలి. పదకొండేళ్ళుగా అంటున్నాను. ఈమధ్య ఆ మాట అనాలంటే మనసొప్పడం లేదు.

ఎనిమిదో రోజు

మేస్త్రి చేసిన మార్పులూ వాటి కారణాలూ ప్రతి ఉదయం గేటు దగ్గరి పలక మీద కనిపిస్తాయి. ఈరోజు నా గురించి రాసింది. "చక్రాల కుర్చీ, మూడో అంతస్తు. గట్టు దాటే సమయం తొమ్మిది సెకన్లు. ఇబ్బంది లేదు. వాననీరు లిఫ్టులోకి పోకుండా గట్టు పెంచడమైనది."

వెళ్ళి చూస్తే బెత్తెడు గట్టు కాస్తా జానెడయింది. దాని పక్కన పసుపు రంగు చదరం ఒకటి కొత్తగా వెలిసింది. అందులో నాలుగు జతల పాదాల గుర్తులు. నన్ను ఎత్తేవాళ్ళు నిలబడడానికట. మేస్త్రి కంటికి చక్రాల కుర్చీ అంటే నలుగురు మనుషులు అతికి ఉన్న వస్తువు.

జనం మురిసిపోయారు. యంత్రానికి కూడా మన చేయి విలువ తెలిసిందన్నారు. మద్దిలేటి ఆ పాదాల గుర్తుల్లో కాళ్ళు పెట్టి, బహుమతి తీసుకోబోయేవాడిలా నిలబడ్డాడు. నా చేతిలో పానా ఉంది. విసిరేద్దామనిపించింది. విసరలేదు. చల్లగుండండి అన్నాను.

పదకొండో రోజు

గట్టు ఇంకో నాలుగు వేళ్ళు లేచింది. సమయం మాత్రం అదే తొమ్మిది సెకన్లు. ఎంత ఎత్తు పెరిగితే అంత పట్టుదలగా ఎత్తుతున్నారు మరి.

మిద్దె అధికారి హంపన్న దగ్గరికి వెళ్ళాను. మంచివాడే, మాట మెత్తన. టీ ఇప్పించాడు. నా అర్జీ తీసుకుని చదివి, జాగ్రత్తగా మడిచి, తిరిగి నా చేతికే ఇచ్చాడు. పాత మేస్త్రి మాటలు వినేదట. పెద్ద మనుషులు చెప్పి చెప్పి లిఫ్టు పక్కన చోట్లన్నీ తమ బండ్లకు రాయించుకున్నారట. అందుకని ఊరంతా కలిసి ఈ మేస్త్రికి చెవులే లేకుండా చేయించింది.

"దీనికి మాట ఎక్కదు చౌడేశ్వరమ్మా. అడుగే ఎక్కుతాది. నేను చెప్పినా అంతే, నువ్వు చెప్పినా అంతే."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. గట్టిపడే ముందు మేస్త్రి చివరి పదిహేను రోజుల అడుగుల్నే లెక్కలోకి తీసుకుంటుందట. అంటే ఇప్పటినుంచే ఏడవనక్కర్లేదని ఆయన ఓదార్పు. నేను టీ తాగకుండా వచ్చేశాను.

పద్నాలుగో రోజు

గట్టు మూరెడు. నా బండి పక్కన ఖాళీని కూడా మేస్త్రి సగం కోసేసింది. బండి తలుపు తీసి, కుర్చీని పక్కన పెట్టుకుని, సీటు మీదినుంచి అందులోకి జరగాలంటే నాకు మూడు మూరల చోటు కావాలి. ఈ చోట్లో కుర్చీ విప్పడానికే కుదరదు. జనం నన్ను బండిలోంచి లాగి ఎత్తుకుంటున్నారు కాబట్టి ఖాళీ వృథా అని మేస్త్రి తేల్చింది.

షెడ్డు పక్క గదిలో ఖాసింబీ పనిచేస్తుంది. అరవై దాటింది, పుట్టుకతోనే చూపు లేదు. బండి మోటారు మోత విని ఎక్కడ ఏ పళ్ళు అరిగాయో చెబుతుంది. ఏ మీటరుకూ అంత నేర్పు లేదు. ఆమె కోసం లిఫ్టు నుంచి గది దాకా నేల మీద పొక్కుల వరస ఉండేది, కర్రకు తగిలేలా. ఈరోజు అది లేదు. ఎవరో ఒకరు రెక్క పట్టుకుని నడిపిస్తున్నారు కాబట్టి ఆమె కర్ర ఆ పొక్కుల్ని తాకి పది రోజులయిందట.

ఇద్దరం షెడ్డులో కూర్చుని కాసేపు మేస్త్రినీ, కాసేపు ఊరినీ తిట్టుకున్నాం. దేన్ని ఎక్కువ తిట్టాలో మాకు తెలియలేదు. తొమ్మిదేళ్ళు. నేల మళ్ళీ మెత్తబడేనాటికి నాకు యాభై అయిదు వస్తాయి. తొమ్మిదేళ్ళపాటు రోజుకు రెండుసార్లు మూరెడు గట్టు మీదికి మూటలా లేవాలి. అలాగైతే పని మానేసి ఇంట్లో కూర్చుంటానని ఖాసింబీతో అన్నాను. ఊరికే అన్న మాట కాదు. రాజీనామా కాగితం రాసి పెట్టెలో పెట్టాను.

పదిహేడో రోజు

మధ్యాహ్నం భోజనం క్యారేజీ తెచ్చుకోవడానికి నా బండి దగ్గరికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి గాలివాన సైరన్ మోగింది. జనమంతా బండ్లకు కొక్కేలు వేయడానికి పై అంతస్తులకు పరుగెత్తారు. మూడో అంతస్తులో నేనొక్కదాన్నే మిగిలాను. ఎదురుగా గట్టు.

ఎంతసేపు చూస్తూ కూర్చుంటాను? కుర్చీని పక్కకు ఆనించి గట్టు మీదికి జరిగాను. మూరెడు గట్టు, కుర్చీ సీటు ఇంచుమించు ఒకే ఎత్తు, అది సులువే. అక్కడినుంచి కుర్చీని పైకి లాగడంలో ఉంది అసలు కష్టం. రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి పళ్ళు బిగించి లాగాను. దాన్ని అవతల దించి, స్తంభానికున్న కొక్కెం పట్టుకుని అందులోకి ఎక్కాను. పదకొండు నిమిషాలు పట్టింది. మోచేయి గీరుకుపోయింది. చల్లగుండండి అని ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది.

పద్దెనిమిదో రోజు

గట్టు మూడు వేళ్ళు దిగింది.

పలక మీద ఇలా ఉంది. "చక్రాల కుర్చీ, మూడో అంతస్తు. గట్టు దాటే సమయం ఒకసారి ఆరువందల అరవై సెకన్లు. కారణం తెలియదు. గట్టు కొద్దిగా తగ్గించడమైనది."

నాలుగుసార్లు చదివాను. గేటు దగ్గర వెనక బండ్లు హారన్లు కొడుతున్నా కదలలేదు.

పంతొమ్మిదో రోజు

నిన్నంతా నలుగురూ యథాప్రకారం ఎత్తారు. గట్టు యథాప్రకారం లేచింది. ఇంతకన్నా విడమరిచి ఏ బడిపంతులూ చెప్పలేడు. మేస్త్రికి నా బరువు గట్టు ఇవతల మాయమై అవతల ప్రత్యక్షమవుతోంది. మధ్యలో ఏముందో దానికి తెలియదు. మా ఊరి చేతులే గట్టును దాని కంటపడకుండా దాచేస్తున్నాయి.

ఖాసింబీకి చెబితే చాలాసేపు నవ్వింది. తరువాత ముఖం తుడుచుకుని, ఈ మాట ఊళ్ళో ఎవరు చెబుతారని అడిగింది. నేనే చెప్పాలి. ముందు మద్దిలేటికి చెప్పాలి. నాకు మేస్త్రి కంటే అతనంటేనే భయం వేసింది.

ఇరవయ్యో రోజు

మద్దిలేటికి చెప్పాను. గేటు గదిలో కూర్చోబెట్టి, మేస్త్రి సంగతంతా విడమరిచి, ఇరవై అయిదో రోజు నుంచి ముప్పై తొమ్మిది దాకా నన్ను ముట్టుకోవద్దన్నాను. అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పదకొండేండ్లు ఎత్తినా చౌడమ్మా. బరువని ఒక్కనాడన్నా అంటినా?"

"నువ్వు అనలేదన్నా. నేనే మోయించుకోని మోయించుకోని అలిసిపోయినా."

అతనికి దెబ్బ తగిలింది. తగులుతుందని తెలిసే అన్నాను, అయినా నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కాళ్ళు పడిపోయిన తొలి నెలల్లో నేను ఇంట్లోంచి బయటికి రానని మొండికేస్తే, మా గడప దగ్గర రోజూ ఒక గంట కూర్చుని వెళ్ళినవాడు ఇతనే. అతను టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం నన్ను ఎత్తడానికి ముగ్గురే వచ్చారు.

ఇరవై మూడో రోజు

మిద్దె మీద సభ. హంపన్నే పిలిపించాడు. అర్జీ వినకూడదని నియమం ఉంది కానీ, జనం ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని నియమం లేదన్నాడు. ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది.

చెప్పింది చెప్పినట్టు విన్నారు. ఆపైన గోల. పిల్లలకు ఏం నేర్పుతామని ఒకరు. బయటి ఊరివాళ్ళు చూస్తే మన పరువేం కావాలని ఇంకొకరు. నువ్వు కింద పడితే చూస్తూ నిలబడాలా అని మూడో అంతస్తు దీపాలు తుడిచే ఆమె ఏడుపు అందుకుంది. ముత్తవ్వల పేరు కూడా తెచ్చారు. నాకు చిర్రెత్తుకొచ్చి, ముత్తవ్వలు మనుషుల్ని మోసుకొచ్చింది ఇక్కడికొచ్చాక వాళ్ళు తమంతట తాము బతకడానికి, మళ్ళీ రోజూ మోయడానికి కాదన్నాను. మాట కాస్త కటువుగానే వచ్చింది.

అప్పుడు ఖాసింబీ కర్ర ఊతంగా లేచి నిలబడింది.

"రెక్క పట్టుకోని నడిపిస్తారు మీరు. మంచిదే. నేను యాడికి పోవాలనుకున్యానో ఒక్కరన్నా అడిగినారా? మొన్న నీళ్ళకని లేస్తే తీస్కపోయి లిఫ్ట్‌లో పెట్టినారు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత అందరూ నవ్వారు, ఖాసింబీ కూడా. నవ్వాక మాట్లాడుకోవడం తేలికయింది. ఒప్పందం ఇలా కుదిరింది. ఏడంతస్తుల్లోనూ పదిహేను రోజులు ఎవరూ ఎవరికీ అడగకుండా చేయి వేయకూడదు. అడిగితే మాత్రం వెంటనే వేయాలి. మద్దిలేటి సభకు రాలేదు.

ఇరవై అయిదో రోజు

ఒప్పందం అమలుకు మొదటి రోజు. బండి పక్కన కుర్చీ విప్పడానికి చోటు లేదు. కుర్చీని తోకవైపు కిందికి తోసి, నేనూ అటే దిగి, నేల మీద పాకుతూ కుర్చీ దగ్గరికి చేరాను. చుట్టూ యాభై మంది. దీపాలామె స్తంభం వైపు తిరిగి నిలబడింది. ఒకతను ఆపుకోలేక ముందుకు దూకాడు.

దూకినవాడి చొక్కా వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. చూస్తే మద్దిలేటి.

"ఎత్తాలని అంత దూలగా ఉంటే నన్నెత్తు," అన్నాడు అతనితో. నావైపు చూడలేదు. చేతులు కట్టుకుని, రెండు చంకల్లో గట్టిగా దాచుకుని, అక్కడే నిలబడ్డాడు. పద్నాలుగు నిమిషాలు పట్టింది నాకు. అన్ని నిమిషాలూ అతను అలాగే ఉన్నాడు. నేను అవతల కుర్చీలోకి ఎక్కాక, గేటు వైపు తిరిగి గబగబా వెళ్ళిపోయాడు. నా మీద కోపం తగ్గలేదనుకున్నాను. అతను ఏడ్చాడని ఖాసింబీ చెప్పింది. ఆమెకు శ్వాస వింటే తెలిసిపోతుంది.

ముప్పయ్యో రోజు

మేస్త్రి తికమక పడుతోంది. పలక నిండా నా కుర్చీ సంగతే. గట్టు జానెడు దించింది. బండి పక్కన మూరెడు చోటు పెంచింది. మరుసటి రోజుకు ఇంకో ఆలోచన వచ్చింది దానికి. నా బండిని మిద్దె చివర, పైకప్పు లేని అంచుకు మార్చింది. అక్కడినుంచి గట్టు లేదు, కానీ షెడ్డు మూడువందల గజాలు. ఎండలో, వానలో పోవాలి.

చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. గట్టు లేదు కదా, దీనితో సరిపెట్టుకోమన్నారు. నాక్కూడా ఒక్క క్షణం సరే అనాలనిపించింది, మోచేతులు పచ్చిపుండ్లయ్యాయి మరి. కానీ అందరి బండ్లూ నీడలో ఆగుతుంటే నాది ఒక్కటే ఎండలో ఎందుకు ఆగాలి? ఆ చోటులో దిగనన్నాను. లిఫ్టుకు ఎదురుగా ఉన్న మామూలు చోట్లోనే బండి ఆపి, గట్టునే ఎక్కాను. మేస్త్రి రెండు రోజులు పట్టుబట్టింది. నేనూ పట్టుబట్టాను. మూడో రోజు ఆ చివరి చోటును తీసేసింది.

ఖాసింబీ పొక్కులు తిరిగొచ్చాయి. రెండుసార్లు గోడకు గుద్దుకుని, ఒకసారి వాలుతున్న బండి అంచు దాకా వెళ్ళి సంపాదించుకుంది. ఆ అంచు దగ్గర ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఆమే నిలబడి, చేయి కావాలని అడిగింది. పదిమంది ఒకేసారి వచ్చారు.

ముప్పై నాలుగో రోజు

గట్టు స్థానంలో వాలు. ఎట్టకేలకు. కానీ ఎంత నిటారుగా ఉందంటే, రెండుసార్లు ఎక్కబోయి రెండుసార్లు వెనక్కి జారాను. రెండోసారి కుర్చీ బోర్లా పడింది. మద్దిలేటి చేతులు చంకల్లోంచి బయటికి వచ్చాయి. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ లోపలికి పోయాయి.

అతనితో మాటలు కలిశాయి. రోజూ అలా చేతులు కట్టుకుని నిలబడితే భుజాలు లాగేస్తున్నాయట. ఎత్తడమే సుఖమన్నాడు. మరి నువ్వు కుర్చీలో కూర్చో, నేను చేతులు కట్టుకుంటానన్నాను. పదిహేను రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

ఈ హడావిడిలో బండ్ల పని వెనకబడింది. తొమ్మిది బండ్లు మరమ్మతుకు ఆగి ఉన్నాయి. పిచ్చుక పిల్లలు ఎగిరిపోయాయి, ఆ బండి మాత్రం ఈరోజు పంపించేశాను.

ముప్పై తొమ్మిదో రోజు

చివరి రోజు. తెల్లవారినుంచే వాన. వాలు నిన్నటికంటే తగ్గింది, అయినా ఇంకా ఎక్కువే. పైగా తడి. గాలికి లోపలిదాకా జల్లు కొడుతోంది.

అందరికీ తెలుసు, ఈరోజు లెక్కే ఆఖరు లెక్క. ఆలస్యమైతేనే మేస్త్రికి ఇబ్బంది తెలుస్తుంది కాబట్టి నేను ఎక్కలేకపోయినా మంచిదేనని దీపాలామె ధైర్యం చెప్పబోయింది. నాకది నచ్చలేదు. ఎక్కలేనని నేలకు రాసిస్తే, ఇక్కడికి రాలేని మనిషికి దారి ఎందుకని నా చోటే తీసేస్తుందేమో? దానికి రెండూ తెలియాలి. కష్టమనీ తెలియాలి, వచ్చి తీరతాననీ తెలియాలి.

సగం ఎక్కాక చక్రాలు జారడం మొదలుపెట్టాయి. పట్టు వదిలితే కిందికి, తోస్తే అక్కడికక్కడే. కళ్ళల్లోకి వాననీళ్ళు. చుట్టూ రెండువందల మంది ఉన్నారు, ఒక్క చప్పుడు లేదు. అందరి చేతులూ వెనక్కే ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసొచ్చింది, ఇంతమంది ఇంత గట్టిగా ఇంతకుముందెన్నడూ నాకు తోడు నిలబడలేదు.

బ్రేకు బిగించి, భుజం పైనుంచి చీర కొంగు లాగి చించి చక్రాలకు చుట్టాను. పట్టు దొరికింది. ఒక తోపు, ఒక ఊపిరి. ఇంకో తోపు. ఆరున్నర నిమిషాలకు పైన ఉన్నాను. అప్పుడు అరిచారు చూడండి, ఏడో అంతస్తులో వాలుతున్న బండి భయపడి మళ్ళీ పైకి లేచిందట.

నలభయ్యో రోజు

రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టెలోని రాజీనామా కాగితాన్ని జేబులో పెట్టుకునే బయలుదేరాను. నేల ఎలా ఉంటే అలా ఒప్పుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి.

గేటు దగ్గర పలక ముందు జనం. నన్ను చూసి దారి ఇచ్చారు. హంపన్న పక్కకు జరిగి, నన్నే చదవమన్నాడు. అందరికీ వినపడేలా గట్టిగా చదివాను.

"గత పదిహేను రోజుల్లో గట్టు వద్ద ఆలస్యమైనవారు, ఏడంతస్తుల్లో కలిపి నాలుగు వందల పన్నెండు మంది. గట్లన్నీ తీసివేయడమైనది. లిఫ్టుల ముందు నేల సమం చేయడమైనది. ప్రతి అంతస్తులో లిఫ్టుకు దగ్గరి ఎనిమిది చోట్లకు పక్కన మూడు మూరల ఖాళీ వదలడమైనది. వాననీటికి కాలువలు నేల కిందికి మార్చడమైనది. పొక్కుల వరస అన్ని దారుల్లో వేయడమైనది. నేల గట్టిపడినది."

నాలుగు వందల పన్నెండు. నేను, ఖాసింబీ, ఇంకో పదిమంది ఉంటామనుకున్నాను ఇన్నాళ్ళూ. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నిండు నెలల ఆడవాళ్ళు, చంకలో పసిబిడ్డా చేతిలో సంచీ ఉన్నవాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, అందరినీ ఎవరో ఒకరు పట్టి దాటిస్తూనే ఉన్నారు. చేతులు తీసేసరికి మేస్త్రికి అందరూ కనిపించారు. పలక కింద వివరాల్లో ఇంకో వరస ఉంది. "గేటు మనిషి, మూడో అంతస్తు. గట్టు ఎక్కేటప్పుడు స్తంభం పట్టుకుని నలభై సెకన్లు ఆగుతున్నాడు." మద్దిలేటి సిగ్గుపడి, నడుం నొప్పి ఆరేళ్ళుగా ఉందని ఒప్పుకున్నాడు. ఆ నడుంతోనే నన్ను ఎత్తాడు. తిట్టాను. జనం ముందే, నోరారా తిట్టాను.

మూడో అంతస్తులో బండి దింపాను. తలుపు పూర్తిగా తెరుచుకుంది. కుర్చీ విప్పాను, జరిగాను, కూర్చున్నాను. అరచేతులతో చక్రాల్ని ఒక్కసారి తోశాను. ఏదో ఒకటి అడ్డం తగులుతుందని శరీరం బిగుసుకుపోయింది. ఏదీ తగల్లేదు. షెడ్డు తలుపు నా ఎదురుగా ఉంది. పద్నాలుగు సెకన్లు.

వెనక్కి తిరిగి మళ్ళీ బండి దాకా వెళ్ళాను. మళ్ళీ వచ్చాను. సిగ్గు లేకుండా మూడోసారి కూడా తిరిగాను, ఈసారి నవ్వుతూ, పెద్దగా. ఖాసింబీ తన గది నుంచి ఒంటరిగా, కర్ర టకటకలాడించుకుంటూ నా చప్పుడు వెంట వచ్చింది. కాగితాన్ని చింపి చెత్తబుట్టలో వేశాను.

తొమ్మిది బండ్లు కాచుకుని ఉన్నాయి. మొదటిది పెద్ద సరుకుబండి. దాని బ్యాటరీ మూత ఇద్దరు మెకానిక్కులు పట్టుకుంటే గానీ లేవదు, కాళ్ళున్నా లేకున్నా. మద్దిలేటి షెడ్డు గడపలో ఏం చేయాలో తోచక ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు. నడుం బెల్టు పెట్టుకుని రమ్మన్నాను. అయిదు నిమిషాల్లో పెట్టుకొచ్చాడు.

"అన్నా, ఈ మూత నా ఒక్కదాంతో కాదు. ఆ పక్క నువ్వు పడతావా?"

"పడతా," అన్నాడు. పట్టాడు. ఇద్దరం కలిసి లేపాం.